చదువు ఫీజు, కార్డు అప్పు – ఏది ముందు?



కాలేజీల్లో ప్రవేశాలు మొదలయ్యే రోజుల్లో మా అవుట్ పేషెంట్ విభాగానికి కొందరు తల్లిదండ్రులు బి.పి. బాగా పెరిగి వస్తుంటారు. "మాత్రలు మానేశారా? కూరల్లో ఉప్పు ఎక్కువవుతోందా?" అని అడుగుతాం. "లేదమ్మా, అన్నీ మీరు చెప్పినట్టే చేస్తున్నాను" అంటారు. పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. కొడుక్కో కూతురికో పైచదువుకు సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. అప్పటికే క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంది. బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఇంట్లోవాళ్ళకు తెలియదు. రాత్రి నిద్ర లేదు.

నర్సులకు డబ్బు సంగతులెందుకని మీరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం. కానీ నిద్ర పట్టనివ్వని అప్పు కూడా ఆరోగ్య సమస్యే. పైగా ఈ విషయంలో మేము ఒకసారి తప్పు సలహా ఇచ్చాం. అది ముందుగా చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం మా దగ్గర పనిచేసే ఒక స్టాఫ్ నర్సుకు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్‌లో సీటు వచ్చింది. జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివినవారికి అది రెండేళ్ళ కోర్సు. అది పూర్తయితే ఎం.ఎస్సీ.కి, టీచింగ్ ఉద్యోగాలకు దారి తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చి, "మేడమ్, అమ్మ ఆపరేషన్‌కి వాడిన కార్డు మీద ఇంకా 60,000 ఉంది. అది తీర్చి వచ్చే ఏడు వెళ్ళమంటారా?" అని అడిగింది. మేము డిప్లొమాతోనే ఆగిపోయినవాళ్ళం. మాకు దక్కనిది పిల్లలకైనా దక్కాలనే ఆశ మాకుంది. "సీటు మళ్ళీ రాదమ్మా, వెళ్ళు. చదువైపోయాక జీతం పెరుగుతుంది, అప్పు దానంతటదే తీరుతుంది" అన్నాం.

అప్పు దానంతటదే తీరలేదు. చదువుకునే రోజుల్లో జీతం లేదు, కార్డు బిల్లు మాత్రం నెలనెలా వచ్చింది. దాచుకున్నదాంట్లోంచి బిల్లు మీద రాసిన కనీస మొత్తం కట్టుకుంటూ పోయింది. రెండో విడత ఫీజుకు చేతిలో డబ్బు లేక అదే కార్డు మీద నగదు తీసింది. ఆ తర్వాత రెండు వాయిదాలు తప్పింది. అప్పుడు విద్యా ఋణం కోసం బ్యాంకుకు వెళితే, కార్డు బాకీ సరిగా కట్టలేదని దరఖాస్తు తిప్పి పంపారు. ఏడాదికే చదువు ఆపి, లక్ష దాటిన అప్పుతో తిరిగి డ్యూటీలో చేరింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఈ వడ్డీ ఎంతో తెలుసా?

మన ఊళ్ళలో నూటికి రెండు రూపాయలను ధర్మవడ్డీ అంటారు. మూడు రూపాయలంటే ముఖం చిట్లిస్తాం. ఐదు రూపాయలంటే ఆ గడప తొక్కం. మరి క్రెడిట్ కార్డు మాటేమిటి? బాకీ మిగిల్చిన వారి దగ్గర చాలా బ్యాంకులు నూటికి నెలకు మూడున్నర రూపాయలు, కొన్ని అంతకు మించి తీసుకుంటున్నాయి. అంటే ఏడాదికి 40 శాతానికి పైమాటే. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. అదనం. ఊళ్ళో వడ్డీ వ్యాపారి ఈ రేటు చెబితే నలుగురినీ పిలిచి నిలదీస్తాం. అందమైన కవరులో ఇంగ్లీషులో వస్తే చూడకుండా సొరుగులో పెడతాం.

ఒక లెక్క చూద్దాం. బాకీ 60,000 రూపాయలు, వడ్డీ నూటికి మూడున్నర. నెల వడ్డీ 2,100, దానిపై పన్ను 378, మొత్తం 2,478 రూపాయలు. కనీస మొత్తం 5 శాతం అనుకుంటే 3,000. మీరు కష్టపడి కట్టిన 3,000లో అసలుకు జమయ్యేది 522 రూపాయలే. కొత్తగా ఏమీ కొనకుండా ప్రతి నెలా తప్పకుండా 3,000 కట్టినా, తీరడానికి 43 నెలలు దాటుతుంది. మొత్తం కట్టేది 1,30,000 దగ్గరికి వస్తుంది. అదే నెలకు 6,000 కడితే 14 నెలల్లో ముగుస్తుంది, కట్టేది 79,000 రూపాయలే. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్ళు సాగుతుందని బిల్లు మీదే హెచ్చరిక ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం. మనం ఆ వరుస చదవం.

మరో మెలిక ఉంది. బిల్లు మొత్తం కట్టినవారికే వడ్డీ లేని గడువు వర్తిస్తుంది. పాత బాకీ ఉన్న కార్డు మీద పుస్తకాలు కొన్నా, యూనిఫాం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నగదు తీస్తే వడ్డీతోపాటు రుసుము కూడా ఉంటుంది.

ఈ వడ్డీకి చట్టమే హద్దు పెడుతుందని ఆశపడకండి. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి జాగ్రత్త మనదే.

మా అభిప్రాయం

రక్తం పోతున్న మనిషికి సెలైన్ ఎక్కిస్తూ కూర్చుంటే లాభం లేదు, ముందు రక్తం ఆపాలి. కార్డు బాకీ రక్తం పోవడం లాంటిది. చదువు మంచి ఆహారం లాంటిది, మనిషిని నిలబెడుతుంది. కానీ రక్తం ఆపకుండా ఎంత ఆహారం పెట్టినా ఒంటికి పట్టదు. అందుకే మేము చెప్పేది ఒక్కటే: ముందు కార్డు బాకీని ఆపండి, చదువు ఖర్చును ఎప్పుడూ కార్డు మీదికి తేకండి.

"మరి చదువు మానేయమంటారా? వయసు తిరిగి వస్తుందా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చదువు మానమని మేము అనం. ఇందులో రెండు రకాల మనుషులున్నారు. ఉద్యోగం చేస్తూ పైచదువుకు వెళ్ళాలనుకునేవారు ఏడాది ఆగగలరు. జీతం ఉన్నప్పుడే కార్డు తీర్చి వెళ్ళడం వారికి మేలు. ఇంటర్ ముగించిన పిల్లలకు ఆగే వీలు లేదు. వారి విషయంలో ఆ సమయానికే చేయాల్సింది కార్డు బాకీని తక్కువ వడ్డీ అప్పులోకి మార్చడం, ఫీజుకు విద్యా ఋణం తీసుకోవడం. ఈ రెండూ వేర్వేరుగా నడవాలి.

విద్యా ఋణం కూడా అప్పే కదా అంటారు. అప్పే, కానీ రెండింటికీ చాలా తేడా ఉంది. విద్యా ఋణానికి ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే నూటికి రూపాయి కన్నా తక్కువ. ఆ 60,000కే లెక్క కడితే నెలకు 500 రూపాయలు. సాధారణంగా చదువు కాలమంతా, ఆపైన మరో ఏడాది వాయిదాలు మొదలు కావు. ఆ రోజుల్లో పడేది బారువడ్డీయే. నాలుగు లక్షల వరకు తాకట్టు అడగకూడదన్నది నియమం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండా ఋణం ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు ఋణంపై వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది. మీ పిల్లల కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి.

ఇక్కడ తండ్రులు ఒక సంగతి గమనించాలి. పిల్లల విద్యా ఋణంలో తల్లి గానీ తండ్రి గానీ తోడు సంతకం చేస్తారు. బ్యాంకు వారి సిబిల్ స్కోరు చూస్తుంది. నాన్న కార్డు వాయిదాలు తప్పితే, ఆ మచ్చ కూతురి దరఖాస్తు మీద పడవచ్చు.

ఇలా చేయండి

1. కార్డు బిల్లులన్నీ బయటికి తీసి భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. మొత్తం బాకీ, వడ్డీ రేటు ఒక కాగితం మీద రాయండి. దాచిన అప్పు దాచిన గడ్డలాంటిది. డాక్టరుకు చూపించకపోతే పెరుగుతుందే తప్ప తగ్గదు.

2. ఆ కార్డు వాడడం ఆపండి. ఫోనులో, కొనుగోలు యాప్‌లలో దాచి ఉంచిన కార్డు నంబరు కూడా తీసేయండి.

3. ఉద్యోగుల పరపతి సంఘంలో గానీ, బ్యాంకులో బంగారం మీద గానీ తక్కువ వడ్డీకి అప్పు దొరికితే, దానితో కార్డు బాకీ ఒక్కసారిగా కట్టేయండి. వెంటనే కార్డును మూసివేయమని రాసివ్వండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసివేయాలని 2022లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కార్డు మూయకుండా కొత్త అప్పు మాత్రం చేస్తే, ఏడాది తిరిగేసరికి రెండు అప్పులు మిగులుతాయి.

4. అలా మార్చుకునే వీలు లేకపోతే కనీస మొత్తానికి రెట్టింపైనా కట్టండి. రెండు కార్డులుంటే రెండింటికీ కనీసం కడుతూ, మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద పెట్టండి.

5. "సగం కట్టండి, సెటిల్‌మెంట్ చేస్తాం" అంటే తొందరపడకండి. రికార్డులో "సెటిల్డ్" అని పడితే, తర్వాత విద్యా ఋణం అడిగినప్పుడు బ్యాంకులు వెనకాడతాయి.

6. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, బంధువుల ముందు అవమానించకూడదు. అలా జరిగితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

అప్పు చేసి పప్పు కూడని లోకం ఎగతాళి చేస్తుంది. మేము చూసినవారిలో ఎక్కువమంది పప్పు కూటికోసం అప్పు చేసినవారు కారు. తల్లి ఆపరేషన్‌కు, బిడ్డ ఫీజుకు, ఇంటి అద్దెకు చేశారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ సిగ్గుతోనే కొందరు మందులు కొనడం మానేస్తారు, సుగర్ పరీక్ష వాయిదా వేస్తారు, బ్రతకడం ఎందుకన్న ఆలోచన దాకా వెళతారు. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా మా సిస్టర్లతో చెప్పండి. లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అప్పు ఆలస్యంగా తీరినా ఫరవాలేదు, మనిషి ఉండాలి.

మొదట చెప్పిన ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. తిరిగి వచ్చాక పరపతి సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి లక్ష తీసుకుని, చేతిలో ఉన్నది కలిపి కార్డు బాకీ కట్టేసింది. నెలకు ఐదున్నర వేల పైచిలుకు చొప్పున 20 నెలల్లో ఆ లక్షా తీర్చింది. ఆ నెలల్లో నైట్ డ్యూటీలు అడిగి మరీ చేసింది. చివరి వాయిదా కట్టిన రశీదు మా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, ఇప్పుడు వెళ్ళమంటారా?" అని అడిగింది. ఈసారి తొందరపడలేదు. ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, విద్యా ఋణం ఏ బ్యాంకులో, జీతం లేని రెండేళ్ళు ఇంటికి ఎవరు పంపుతారు అని అన్నీ అడిగి, కాగితం మీద రాయించాం. అప్పుడు దరఖాస్తు మీద సంతకం చేశాం.

మీ ఇంట్లో కూడా ఫీజు కట్టే రోజు దగ్గర పడుతుంటే, ముందు ఆ కాగితం రాయండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్