తుంటి ఆపరేషన్ సరే, వెర్షన్ నంబరు అడిగారా?

మొన్న ఆదివారం మూసాపేటలో మా ఫ్లాట్లో చిన్న సైజు యుద్ధం జరిగింది. ఒకవైపు నేనూ మా అన్నయ్యా, రెండోవైపు వదిన. విషయం అన్నయ్య తుంటి.

అన్నయ్యకి ముప్ఫయ్యారేళ్ళు. 2021లో కోవిడ్ ముదిరి స్టెరాయిడ్లు వాడాల్సొచ్చింది, ప్రాణం దక్కింది. ఆ తర్వాత రెండేళ్ళకి గజ్జల్లో నొప్పి మొదలైంది. ముందు ఆఫీసు కుర్చీని తిట్టుకున్నాం, తర్వాత బైకుని, ఆఖరికి మెట్రో స్టేషను మెట్లని. ఎమ్మారై తీయిస్తే ఏవీఎన్ అని తేలింది. అంటే తొడ ఎముక పైనుండే బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోవడం. బంతి అప్పటికే కుంగిపోయింది, తుంటి మార్చాల్సిందే అన్నారు డాక్టరు గారు.

సరిగ్గా ఇక్కడే నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2019 జనవరిలో తుంటికి రీసర్ఫేసింగ్ చేయించుకుని, అదే అక్టోబరులో యాంట్‌వెర్ప్‌లో టైటిల్ కొట్టాడు. మరి మా అన్నయ్యకెందుకు మొత్తం మార్చాలి?

తేడా ఏంటంటే, పూర్తి మార్పిడిలో బంతిని కోసేసి, తొడ ఎముక లోపలికి ఒక కాడ దింపి, దాని మీద కొత్త బంతి పెడతారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ నిలబెట్టిన పద్ధతి ఇది. రీసర్ఫేసింగ్‌లో బంతిని కోయరు. పైపైన చెక్కి లోహపు టోపీ తొడుగుతారు. బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్ చేసిన డిజైను 1997 నుంచి వాడకంలోకొచ్చింది. అమెరికాలో దానికి 2006 దాకా అనుమతి లేకపోవడంతో అక్కడివాళ్ళు కొందరు చెన్నై వచ్చి మరీ చేయించుకున్నారు! గిన్నె మాత్రం రెండింట్లోనూ కొత్తదే.

నా వాదన మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఒక మాడ్యూల్లో బగ్ ఉంటే మొత్తం తిరగరాస్తామా, ప్యాచ్ వేస్తామా? ఎముక మిగులుతుంది, బంతి పెద్దది కాబట్టి జారిపోయే భయం తక్కువ, బాసింపట్టు వేసుకుని కూచోవచ్చు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

వదిన అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ టోపీ దేనిమీద పెడతారు? ఆ ఎముకే కదా చచ్చిపోయిందన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత డాక్టరు గారిని అడిగితే ఆయనా అదే అన్నారు. టోపీ నిలబడాలంటే కింద బతికున్న ఎముక ఉండాలి. బంతిలో పెద్ద భాగం పోయినప్పుడు టోపీ వదులైపోతుంది, లేదా దాని కింద మెడ విరుగుతుంది. ప్యాచ్ వెయ్యడానికి కింద కోడే లేదన్నమాట.

ఆ రాత్రి కూచుని చదివాను. చదివేకొద్దీ నేను అడుగుతున్న ప్రశ్నే తప్పనిపించింది. "రీసర్ఫేసింగా, మార్పిడా" అన్నది సగం ప్రశ్నే. ఏ కంపెనీ పార్టు, ఏ మోడలు, ఎవరి ఒంట్లో అన్నది మిగతా సగం.

డీప్యూ వాళ్ళ ఏఎస్ఆర్ సంగతి చూడండి. డీప్యూ అంటే జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళదే. ఏఎస్ఆర్ పేరుతో రీసర్ఫేసింగ్ పార్టూ ఉండేది, పూర్తి మార్పిడి పార్టూ ఉండేది. 2010 ఆగస్టులో రెండింటినీ వెనక్కి పిలిచారు. అయిదేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవి మొదటిదాంట్లో 12 శాతం, రెండోదాంట్లో 13 శాతం. లోహం మీద లోహం రాసుకుని, ఆ పొడి చుట్టూ ఉన్న కండనీ ఎముకనీ తినేసింది, కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరాయి. ఆపరేషన్లు రెండు, కానీ బగ్ ఒకటే. అదే బర్మింగ్‌హామ్ డిజైను పెద్ద సైజు తుంటి ఉన్న మగవాళ్ళలో బాగానే నడిచింది, చిన్న సైజుల్లో నడవలేదు. అందుకే 2015లో కంపెనీయే చిన్న సైజులు ఆపేసి, ఆడవాళ్ళకి వద్దంది. మరోవైపు పూర్తి మార్పిడి తుంటుల్లో సుమారు 58 శాతం పాతికేళ్ళు నిలుస్తాయని 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ అంచనా. ముప్ఫయ్యారేళ్ళవాడికి పాతికేళ్ళు చాలవు, నిజమే. రెండో ఆపరేషన్ లెక్కలో వేసుకునే దిగాలి.

నాకు అసలు మండింది మాత్రం మన దేశం లెక్క చూసి. ఇక్కడ ఏఎస్ఆర్ ఆపరేషన్లు సుమారు 4,700 జరిగాయి. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 3,600 మంది ఆచూకీయే లేదు! ఒంట్లో ఏ పార్టుందో వాళ్ళకే తెలియకపోతే, వెనక్కి పిలిచినా ఏం లాభం? ఆస్ట్రేలియాలో 1999 నుంచీ రిజిస్ట్రీ ఉంది. ఎవరికి ఏ మోడలు పెట్టారో, ఎన్నేళ్ళకి చెడిపోయిందో అన్నీ రాసి ఉంటాయి. ఏఎస్ఆర్ గుట్టు బయటపడడంలో అలాంటి లెక్కలదే పెద్ద పాత్ర. మనం ఒక్క బిల్డుకి కూడా లాగ్ లేకుండా ప్రొడక్షన్లోకి పంపం. మనిషి ఒంట్లో పెట్టే వస్తువుకి ప్రతి ఆసుపత్రీ తప్పనిసరిగా రాయాల్సిన లాగ్ ఉండొద్దూ?

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే. ఇంప్లాంట్ పెట్టె మీద మోడలు, లాట్ నంబరుతో స్టిక్కరుంటుంది. అడిగి తీసుకోండి. డిశ్చార్జి కాయితాల మీద అంటించమనండి, ఫోటో తీసి పెట్టుకోండి. ముందే "ఈ మోడలు ఎన్నేళ్ళుగా వాడుతున్నారు, నాలాంటి వాళ్ళలో ఎలా నడిచింది?" అని అడగండి. డాక్టరు విసుక్కుంటే ఇంకో డాక్టరుని చూడండి.

అన్నయ్యకి వచ్చే నెల పూర్తి మార్పిడే. సిరామిక్ బంతి, పాలిథిలీన్ గిన్నె. బాసింపట్టు సంగతి తర్వాత చూద్దామన్నారు. స్టిక్కరు దాచే బాధ్యత వదిన తీసుకుంది. నాకివ్వలేదు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.