పాత కారుకు కొత్త పొగగొట్టం

పిల్లలూ, ఈ నెల ఒక చిన్నవాడి దగ్గరనుంచి వింత ప్రశ్న వచ్చింది. వాడి మేనమామ అమెరికాలో, టెక్సస్‌లో ఉంటున్నాడు. ఆయన ముచ్చటపడి 1955 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కారు ఒకటి కొన్నాడట. దాని పొగగొట్టం తుప్పుపట్టి చిల్లులు పడింది. కొత్తది వేయిద్దామంటే దుకాణంలో పది రకాలున్నాయి. ఏది మంచిదో మాస్టారినడగమన్నాడట మామ. కారు మామది, చిక్కు మాస్టారిది! అయినా ప్రశ్న మంచిదే.

ముందు ఆ గొట్టం చేసే పనేమిటో చూద్దాం. ఆ కారు ఇంజనులో ఎనిమిది సిలిండర్లున్నాయి. ఇంగ్లీషు ‘వి’ అక్షరంలాగా రెండు వరసలు, వరసకు నాలుగు. ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కొక్క సిలిండరులో ఒకసారి పెట్రోలు మండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. లెక్క వేస్తే నిమిషానికి 12,000 మంటలు, అంటే సెకండుకు 200. ప్రతి మంటకూ వేడి వాయువు ఒక్క దెబ్బలో బయటికి తన్నుకు వస్తుంది. ఆ వాయువును బండి వెనక్కు చేర్చటమూ, దారిలో దాని చప్పుడు తగ్గించటమూ గొట్టం పని.

వెనక్కు ఎందుకు చేర్చాలి? ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడు అనే విషం ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థం ఉన్నదే, దాన్ని ఈ విషం ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి మొదట తలనొప్పి, తరవాత మగత. తనకేమవుతున్నదో తెలిసేలోగా స్పృహ తప్పుతుంది. ఈ విషాన్ని చాలావరకు విరిచేసే పరికరం అమెరికా కార్లకు 1975 మోడళ్ల నుంచి వచ్చింది. 1955 కారుకు అది లేదు. పైగా అంత పాత బండికి అడుగు రేకులో ఎక్కడో ఒక చిల్లు ఉండనే ఉంటుంది. అందుచేత గొట్టాన్ని సగంలో కోసి సీటు కింద వదిలేసే రకం ఎంత చవకగా వచ్చినా వద్దు. గొట్టం వెనక బంపరు దాటి బయటికి రావాలి, అతుకుల దగ్గర లీకు ఉండకూడదు. పెద్దలు కూడా వినండి: తలుపులు మూసిన షెడ్డులో ఏ బండి ఇంజనూ నడపరాదు.

ఇక గొట్టం లావు. చాలామంది, ఎంత లావయితే అంత మంచిదనుకుంటారు. 2 అంగుళాల గొట్టం తీసి 2.5 అంగుళాలది పెడితే పెరిగింది అర అంగుళమే కద అనిపిస్తుంది. కాని వాయువు పోయే దారి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండు రెళ్లు 4, రెండున్నర రెండున్నరలు 6.25. దారి ఒకటిన్నర రెట్లు దాటింది! కాలవ వెడల్పు చేస్తే అదే నీరు మెల్లగా పారినట్టు, లావు గొట్టంలో వాయువు మందగిస్తుంది. వేగంగా పోయే వాయువు తన వెనక కొంచెం ఖాళీ చేసి, తరవాతి దానిని లాగుతుంది. మందగిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. మరీ సన్నదయితే ఇంజనుకు ఊపిరాడదు.

ఒక గొట్టమా, రెండా? 1955లో ఆ కంపెనీ రెండు విధాలుగానూ అమ్మింది. రెండు వరసల వాయువునూ ఒకే గొట్టంలో కలిపిన మామూలు ఇంజనుకు 162 అశ్వశక్తి, రెండు గొట్టాలున్నదానికి 180. చూశారా, రెండో గొట్టానికి 18 గుర్రాలు వచ్చాయని దుకాణంవాడు అంటాడు. ఒప్పుకోకండి. ఆ 180 ఇంజనుకు కార్బురేటరు కూడా పెద్దది పెట్టారు. రెండు మార్పులు చేసి, వచ్చిన లాభమంతా ఒకదానికే కట్టబెట్టటం లెక్క కాదు.

రెండు గొట్టాలకు ఒక ఇబ్బంది కూడా ఉన్నది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది! పెట్రోలులోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఆవిరి అవుతుంది. తెల్లవారుజామున బండి కదిలించినప్పుడు గొట్టం కొసన నీటి బొట్లు కనిపించేది అందుకే. గొట్టం బాగా వేడెక్కితే ఆ నీరు ఇగిరిపోతుంది. ఆదివారంనాడు కాసేపు మాత్రమే తిప్పే కారులో అది లోపలే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రెండు గొట్టాలయితే ఒక్కొక్కదానికి సగం వేడే అందుతుంది గనక తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

కనక లోహం చూసి కొనాలి. వట్టి ఉక్కు చవక, త్వరగా పోతుంది. అల్యూమినియం పూత పూసిన ఉక్కు అంతకన్న ఎక్కువ కాలం వస్తుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో 409 రకానికి 11 పాళ్ల దాకా క్రోమియం ఉంటుంది. పైన గోధుమరంగు తేలినా గట్టిది. 304 రకంలో 18 పాళ్ల క్రోమియం, 8 పాళ్ల నికెలు. మెరుపు నిలుస్తుంది, ధరా మెరుస్తుంది. నన్నడిగితే, మామూలు ఇంజనుకు పాత కొలత ప్రకారం ఒకే గొట్టం, 409 రకంలో, చాలు. పెద్ద కార్బురేటరు ఉంటే 2 అంగుళాలవి రెండు. ఇంజను పక్కనుండే పోత ఇనుప గొట్టాలు పగలకుండా ఉంటే వాటి జోలికి పోవద్దు.

చప్పుడు సంగతి మిగిలింది. మనం సైలెన్సరు అనేదాన్ని అమెరికాలో మఫ్లరు అంటారు. ఒక రకంలో వాయువు గదులలో ముందుకూ వెనక్కూ తిరిగి నెమ్మదిస్తుంది. ఇంకొక రకంలో చిల్లుల గొట్టం చుట్టూ గాజు దూది ఉంటుంది. వాయువు తిన్నగా పోతుంది, మోత ఎక్కువ. చెవులూ, పొరుగువారూ ఉన్నవారికి మొదటిదే మేలు.

ఆ కారుది ఒక వింత చప్పుడు. సిలిండర్లు మండే వరస 1, 8, 4, 3, 6, 5, 7, 2. బేసి అంకెలు ఎడమవైపు, సరి అంకెలు కుడివైపు. చదివి చూడండి: ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. 8, 4 రెండూ కుడివైపే. 5, 7 రెండూ ఎడమవైపే. ఒకే గొట్టంలో రెండు దెబ్బలు వెంటవెంటనే పడి, తరవాత ఎడం వస్తుంది. రెండు గొట్టాలున్న కారు ‘గుడగుడ’మని తడబడుతున్నట్టు వినిపించేది అందువల్లనే. రెండు గొట్టాల మధ్య ‘హెచ్’ అక్షరంలో అడ్డగీతలాగా ఒక చిన్న గొట్టం అతికితే ఆ దెబ్బలు కొంత సర్దుకుంటాయి.

1965 నాటి ఫోర్డు మస్టాంగ్ కారు, 289 ఘనపుటంగుళాల ఇంజను వరస 1, 5, 4, 2, 6, 3, 7, 8. అందులో 1 నుంచి 4 దాకా కుడివైపు, 5 నుంచి 8 దాకా ఎడమవైపు. ఒకే పక్కన వెంటవెంటనే మండే జతలు ఏవో కాగితంమీద రాసి చూడండి. జవాబు వచ్చే నెలలో.