మన పాటది ఎన్నో నంబర్?

ఆదివారం రాత్రి మా హాస్టల్‌లో ఒకరి ఫోన్‌లో పాత బినాకా గీత్‌మాలా పెట్టుకుంటాం. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన ప్రోగ్రాం. హిందీ సగమే అర్థమైనా అమీన్ సయానీ గొంతుకు మెస్‌లో తిన్న నీళ్లపప్పు కూడా మర్చిపోతాం. నంబర్ వన్ ఏదో అని పందేలు.

ఆ నంబర్లు ఎట్లా వేశారు? రికార్డులు ఎన్ని అమ్ముడుపోయాయి, శ్రోతల సంఘాలు ఏం రాశాయి అని చూసి. మన తాతలకు రికార్డు కొనే పైసల్లేవు, ఉత్తరం రాసే చదువు లేదు. దండారిలో రాత్రంతా పాడినవి ఏ లెక్కలోకీ రాలే. అప్పట్లో దేశమంతా ఇవే పాడుకుందని ఎవరన్నా అంటే మాకు గుచ్చుకుంటది.

వినడమైతే మానం, పాటలు బాగుంటాయి మరి. ఈ దీపావళికి ఇంటికి పోయి అదే ఫోన్‌లో అవ్వల పాటలు రికార్డు చేస్తాం, పాడినోళ్ల పేరు, ఊరు చెప్పించి. మీ ఊరివి ఎవరు పంపుతారు?