కొన్నది మనది కావద్దా?

పంట అమ్మి ఏదైనా కొన్నామంటే అది మన ఇంట్లో ఉండాలి. అవసరం వస్తే పక్కవానికి ఇవ్వాలి, ఇంకా అవసరం వస్తే అమ్ముకోవాలి. ఎద్దును కొన్నా, మోటారును కొన్నా మన పల్లెల్లో నడిచే న్యాయం ఇదే. పిల్లల వీడియో ఆటల దగ్గర మాత్రం ఈ న్యాయం మెల్లగా మారిపోతోంది. ఇది పిల్లల గొడవ అని పెద్దలు పట్టించుకోవడం లేదు. కానీ డబ్బు పెద్దలదే కదా!

టీవీకి తగిలించి ఆడుకునే ఈ పెట్టెలు రెండు రకాలు. ఒకదానిలో సీడీ లాంటి డిస్కు పెట్టి ఆడుకోవచ్చు. రెండో రకంలో డిస్కు పెట్టే చోటే ఉండదు. ప్రతి ఆటనూ ఇంటర్నెట్ ద్వారా డౌన్‌లోడ్ చేసుకోవలసిందే. సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 5ను మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదల చేసినప్పుడు డిస్కు రకం ధర 49,990 రూపాయలు, డిస్కు లేని రకం ధర 39,990 రూపాయలు. పదివేలు మిగులుతాయంటే ఎవరికి ఆశ ఉండదు?

మా అక్క ఇంట్లోనూ అలాగే ఆశపడ్డారు. శిరివెళ్ల వైపు పల్లెలో వాళ్లది మిరప సేద్యం. ఒక ఏడాది నాలుగు రాళ్లు మిగిలితే, కొడుకు ఇంజనీరింగులో చేరాడన్న సంతోషంతో డిస్కు లేని పెట్టె కొనిచ్చారు. రెండేళ్లలో వాడు ఎనిమిది ఆటలు కొన్నాడు. ఇంతలో ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు రీచార్జి చేయక రద్దయిపోయింది. పెట్టె చెడి రిపేరుకు పోయి వచ్చింది. మళ్లీ ఖాతా తెరుద్దామంటే ఓటీపీ ఆ పాత నంబరుకే పోతోంది. నెలల తరబడి రాసినా దారి దొరకలేదు. "మామా, లెక్క కట్టింది మనమే, ఆటలు మాత్రం మన చేతికి రావడం లేదు" అని వాడు అంటుంటే నాకు జవాబు తోచలేదు. ఆళ్లగడ్డలో వాడి స్నేహితుడు డిస్కుల మీద ఆడేవాడు. ఆడినన్నాళ్లు ఆడి, వాటిని అమ్మి పరీక్ష ఫీజు కట్టుకున్నాడు. ఇద్దరూ ఆటలకు పెట్టిన డబ్బు దాదాపు ఒకటే.

మీ అజాగ్రత్తకు ఎవరేం చేస్తారని అడగవచ్చు. నిజమే. అయితే జాగ్రత్తగా ఉన్నవారికీ ఈ బాధ తప్పలేదు. యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 2014లో 'ది క్రూ' అనే కార్ల పందెం ఆట అమ్మింది. 2024 మార్చి 31న దాన్ని నడిపే సర్వర్లను ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవారికి ఆట లేకుండా పోయింది. డిస్కు ఉన్నవారూ ఆడలేకపోయారు. ఎందుకంటే ఆ ఆట కంపెనీ సర్వరుతో కలిస్తేనే నడుస్తుంది. కాబట్టి డిస్కు ఉంటే చాలు, భయం లేదని కూడా అనుకోరాదు.

అసలు కిటుకు నిబంధనల్లో ఉంది. మనం కొంటున్నది ఆటను కాదు, ఆడుకోవడానికి అనుమతిని మాత్రమే. ఆ సంగతి ఎవరూ చదవని పొడుగాటి నిబంధనల్లో ఉంటుంది. మీట మీద మాత్రం 'కొనండి' అని ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీనిపై ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఇది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని రాసి అమ్మరాదు.

మన రైతుకు ఇది కొత్త తగువు కాదు. విత్తనం కొన్నవానికి ఆ పంట గింజను దాచుకునే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న మనకూ వచ్చింది. దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెప్పింది. కంపెనీ పేరు పెట్టి అమ్మరాదని మాత్రమే హద్దు గీసింది. విత్తనాల వ్యాపారానికి పేరుపడ్డ నంద్యాలలో ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. గింజకు దొరికిన న్యాయం ఆటకు ఎందుకు దొరకకూడదు?

డౌన్‌లోడ్‌లో మేలు లేదని నేననను. డిస్కు కోసం కర్నూలో హైదరాబాదో పోయే పని లేదు. గీతలు పడవు. తరచుగా ధర తగ్గించి అమ్ముతారు. కానీ పెద్ద ఆట ఒక్కోటి వంద జీబీ దాకా ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోను పథకంతో దాన్ని దించుకోవాలంటే 67 రోజులు పడుతుంది. ఫైబర్ లైను లేని ఇంటికి అది అయ్యే పని కాదు.

అందుచేత పెట్టె కొనేముందు తల్లిదండ్రులు మూడు సంగతులు అడగాలి. దీనికి డిస్కు పడుతుందా? ఇంటర్నెట్ లేకపోతే ఆట నడుస్తుందా? ఫోను నంబరు మారితే ఖాతా మాటేమిటి? ఖాతాకు ఇంట్లో ఎప్పటికీ ఉండే నంబరునే ఇవ్వాలి. రసీదులు దాచుకోవాలి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

దుకాణదారులు కూడా ధరలో తేడా చెప్పినప్పుడే, డిస్కు లేని పెట్టె ఆటలను తిరిగి అమ్ముకోలేరన్న మాటా చెప్పాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో కొత్తగా వచ్చింది. దాని కింద 'కొనండి' అన్న మాటకు అర్థమేమిటో కేంద్ర ప్రభుత్వం తేల్చాలి. ఆళ్లగడ్డ శిల్పి దగ్గర విగ్రహం కొన్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. శిల్పి తన దుకాణం మూసేశాడని ఆ విగ్రహం మాయం కాదు. అమ్మకమంటే అదీ. కానిదాన్ని అద్దె అనే చెప్పండి, అద్దె ధరే తీసుకోండి.