ఉదరంలోని నీరు చెప్పే మాట

గాయం మానటానికి, తల్లి గర్భంలో శిశువు ఎదగటానికి మన దేహం వి.ఇ.జి.ఎఫ్. అనే ఒక ప్రోటీనును వినియోగిస్తుంది. ఆక్సిజన్ చాలని కణాలు దానిని వెలుపలికి స్రవిస్తాయి. అది సమీపంలోని రక్తనాళాలను చేరి, కొత్త శాఖలు వేసేలా ప్రేరేపిస్తుంది. అవసరం తీరాక తగ్గిపోతుంది. ఇంతటి మేలైన ఏర్పాటును అండాశయ క్యాన్సర్ తన ఎదుగుదలకు ఎలా వాడుకుంటుందో ఈ నెల వివరించదలిచాము.

కొత్త రక్తనాళాలు ఏర్పడనిదే క్యాన్సర్ గడ్డ కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగలేదని అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం గినీ పందుల కణితుల నుండి, రక్తనాళాల గోడలు నీరు కారేలా చేసే ఒక ప్రోటీనును గుర్తించింది. 1989లో నపోలియోనే ఫెరారా రక్తనాళాలను పెంచే ప్రోటీనును వేరుచేశారు. చివరకు ఆ రెండూ ఒకటేనని తేలింది.

ఈ రెండు గుణాలూ అండాశయ క్యాన్సర్‌కు అక్కరకు వస్తాయి. మొదటిది గడ్డకు ఆహారం అందిస్తుంది. రెండవది రక్తనాళాలను సడలించి, ఉదరంలో నీరు చేరటానికి కారణమవుతుంది. దీనినే జలోదరం అంటాము. అండాశయం నుండి రాలిన క్యాన్సర్ కణాలు ఆ నీటిలో తేలుతూ పోయి, ఉదరపు లోపలి పొర మీద, ప్రేగుల ముందు పరచుకున్న కొవ్వు పొర మీద నాటుకుంటాయి. అక్కడ కూడా అదే ప్రోటీనును స్రవిస్తాయి. ఇలా వ్యాధి తన దారిని తానే వేసుకుంటుంది.

ఈ ప్రోటీనును పట్టి బంధించే బెవాసిజుమాబ్ అనే మందును అండాశయ క్యాన్సర్‌లో వాడటానికి అమెరికా 2014లో అనుమతించింది. కీమోథెరపీతో కలిపి ఇస్తే అది వ్యాధి పురోగతిని కొంతకాలం నిలువరిస్తుంది, కానీ సమూలంగా నిర్మూలించదు. రక్తపోటు పెరగటం, గాయాలు ఆలస్యంగా మానటం, అరుదుగా ప్రేగుకు రంధ్రం పడటం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. కనుక వ్యాధిని త్వరగా గుర్తించటానికి సాటి వచ్చే మందు లేదు.

ఆరోగ్యంగా ఉన్న స్త్రీలందరిలో ఈ వ్యాధిని ముందే పసిగట్టగల నమ్మకమైన పరీక్ష నేటికీ లేదు. అందువల్ల దేహం చెప్పే మాటనే ఆలకించాలి. పొట్ట ఉబ్బరం, పొత్తికడుపు నొప్పి, కొద్దిగా తినగానే కడుపు నిండటం, మాటిమాటికీ మూత్రం రావటం కొత్తగా మొదలై రెండు మూడు వారాలు వదలకుంటే, గ్యాస్ అనుకొని ఊరుకోకూడదు. స్త్రీల వైద్యురాలిని కలిసి పరీక్ష చేయించుకోవాలి. ఈ లక్షణాలు చాలావరకు సాధారణ కారణాల వల్లనే వస్తాయి. అయినా నిర్ధారించుకోవటమే వివేకం. తల్లికో, సోదరికో అండాశయ లేదా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యురాలికి తప్పక చెప్పాలి.

లజ్జ ఉత్తమ గుణమే. వ్యాధిని దాచటం మాత్రం లజ్జ కాదు. ఇంటి పని ముగిశాక చూసుకుందామని మన తల్లులు, అక్కచెల్లెళ్ళు తమ బాధను వాయిదా వేస్తారు. ఆ వాయిదాను ఆపవలసింది ఇంటి పురుషులు. “ఈ మధ్య నీకు ఆకలి తగ్గింది, ఎందుకు?” అని అడగటం భర్త బాధ్యత, కుమారుని బాధ్యత. ఆ ప్రశ్న ఈ రోజే మీ ఇంట వినిపించాలని కోరుతున్నాము.