సూది మా గడపకు ఎందుకు రాలేదు?

2021 జనవరి 16న దేశంలో మొదటి కరోనా టీకా ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక సఫాయి కార్మికుడికి వేశారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. మాకూ సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు? మురికి ఎత్తే చేతికి మొదటి సూది పడటం న్యాయం. మరి ఆ పని చేసి చేసి మంచం పట్టిన మా ముసలాళ్ళ మాటేమిటి?

మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవాళ్ళకు టీకా అన్నారు. సర్కారు ఆస్పత్రిలో ఉచితమే, కాదనం. కానీ అక్కడిదాకా పోయేదెలా? ఆటో మాట్లాడాలి. తోడుపోయే కోడలు ఒకరోజు కూలి వదులుకోవాలి. తీరా పోయాక "ఇవాళ స్టాకు లేదు, రేపు రండి" అంటే రెండో కూలీ పోయినట్టే. టీకాల్లో పావు వంతు ప్రైవేటు ఆసుపత్రులకు రాసిచ్చారు. జూన్‌లో అక్కడ కొవిషీల్డ్ 780 రూపాయల దాకా, కొవాక్సిన్ 1410 దాకా. 80 ఏళ్ళలోపు ముసలాయన పింఛనులో కేంద్రం వాటా నెలకు 200. 2007 నుంచీ అంతే. లెక్క మీరే వేసుకోండి.

మంచంలో ఉన్నవాళ్ళకు ఇంటికొచ్చి వేయండయ్యా అంటే, బొంబాయి హైకోర్టులో కేంద్రం కుదరదంది. మందు వృథా అవుతుందట, వికటిస్తే చూసే దిక్కుండదట. కొన్ని రాష్ట్రాలు వేస్తున్నాయి కదా అని కోర్టే అడగాల్సి వచ్చింది. చివరికి సెప్టెంబరు 23న ఒప్పుకున్నారు. అప్పటికి రెండో అల వచ్చి, మావాళ్ళను ఎందరినో తీసుకుపోయి నెలలైంది.

వికటిస్తుందన్న భయం కొట్టిపారేసేది కాదు. సూది వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండాలి, మందు చల్లగా ఉండాలి. నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచే పింఛను ఇంటికి వస్తోంది. ఏ ఇంట్లో ఏ అవ్వ లేవలేకుండా ఉందో అప్పటి వలంటీరుకు తెలిసే ఉండేది. ఆ చిట్టా నర్సమ్మ చేతికిచ్చి, ఐసుపెట్టెతో, వెంట ఒక డాక్టరుతో వాడకు పంపడానికి ఏమడ్డమొచ్చింది? ఓటు కోసం మా గడప తెలిసినవాళ్ళకు సూది కోసం తెలియకుండా పోయిందా?

ఇంకో ముచ్చట. పెద్దవాళ్ళను వేరే గదిలో ఉంచండని మనకు బోధించారు. ఏ గది? మా ఇళ్ళకు ఉన్నదే ఒక గది. వంట అందులోనే, పడక అందులోనే, పురుడూ చావూ అందులోనే. ఆ సలహా రాసిన పెద్దమనిషి వెలివాడలో ఒక్క రాత్రి పడుకుని ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

1897లో పూనా ప్లేగులో సావిత్రీబాయి ఫూలే రోగి నడిచొచ్చేదాకా ఆగలేదు. ముంఢ్వా మహర్‌వాడ నుంచి ఒక పిల్లవాడిని తన వీపున మోసుకుని, కొడుకు యశ్వంత్ నడిపే ఆస్పత్రికి తెచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న కన్నుమూసింది. ఆమెకు జీపు లేదు, ఐసుపెట్టె లేదు, యాప్ అంతకన్నా లేదు.

మళ్ళీ మహమ్మారి వచ్చేదాకా కూర్చుందామా? మంచం పట్టినవాళ్ళ, ఒంటరి ముసలాళ్ళ చిట్టా ప్రతి సబ్‌సెంటరులో ఇప్పుడే ఉండాలి. అది వాడ నుంచి మొదలు కావాలి. తోడొచ్చినవాళ్ళకు ఆ రోజు కూలి కట్టివ్వాలి. మీ ఊళ్ళో చిట్టా ఉందేమో ఏఎన్ఎమ్‌ను అడగండి. లేదంటే మన పిల్లల చేత రాయించి పీహెచ్‌సీ డాక్టరుకు ఇవ్వండి. ముట్టినట్టు సంతకం తీసుకోవడం మరవకండి.