రెండో సోమవారం చెప్పే జాతకం

'అవెంజర్స్: డూమ్స్‌డే' ఎంత చేస్తుందని ఈ మధ్య మా హాలుకొచ్చే కుర్రాళ్లు తెగ అడుగుతున్నారు. 2026 డిసెంబర్ 18న విడుదలని డిస్నీ ప్రకటించింది. ఐరన్ మ్యాన్‌గా ప్రాణాలొదిలిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఈసారి డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నాడు. పోయిన అవెంజర్స్ సినిమా 'ఎండ్‌గేమ్' తీసిన రూసో సోదరులే దర్శకులు. నా జవాబు ముందే చెప్పేస్తాను. వంద కోట్ల డాలర్లు అవలీలగా దాటుతుంది. 'ఎండ్‌గేమ్' చేసిన దాదాపు 280 కోట్ల డాలర్లను అందుకోదు. అయితే మార్వెల్ బండి ఆ తర్వాత నడుస్తుందా, ఆగుతుందా అన్నది మాత్రం ఈ అంకెల్లో కనపడదు. దానికి ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాలి.

నేను తెనాలి దగ్గర ఓ చిన్న టౌన్లో హాలు లీజుకు తీసుకుని నడుపుతున్నాను. మా వ్యాపారంలో పాతవాళ్లు నేర్పిన సూత్రం ఒకటుంది: మొదటి మూడు రోజుల కలెక్షన్ అంతకుముందు సినిమాది. ఆలోచిస్తే నిజమే. టికెట్ కొనేటప్పటికి ప్రేక్షకుడు బొమ్మ చూడలేదు. పోయినసారి ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగిందా లేదా అన్న జ్ఞాపకంతోనే జేబులో చెయ్యి పెడతాడు. సినిమా సొంత సంపాదన రెండో వారంలో మొదలవుతుంది, అందుకే నేను చూసేది రెండో సోమవారం లెక్క. తర్వాతి భాగం ఓపెనింగ్ కూడా అక్కడే ఖాయమవుతుంది. స్టార్ హీరో సినిమాకి ఈ లెక్క అటూ ఇటూ కావచ్చు, అభిమానులు రెండు ఫ్లాపులు మన్నించి మూడోదానికి కూడా కటౌట్ కడతారు గనక. ముసుగు వేసుకున్న హీరోకి అలాంటి అభిమాన సంఘాలుండవు. సూపర్‌హీరో సిరీస్‌కి పాతవాళ్ల సూత్రం అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

2023 సంగతే చూడండి. ఆ ఫిబ్రవరిలో 'యాంట్ మ్యాన్' మూడో భాగం 'క్వాంటుమేనియా' వచ్చింది. అమెరికాలో మొదటి వారాంతం 10 కోట్ల డాలర్లు దాటింది. యాంట్ మ్యాన్ సినిమాలన్నిట్లో అదే పెద్ద ఓపెనింగ్. మేలో 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడో భాగం వచ్చింది. దాని ఓపెనింగ్ 12 కోట్ల డాలర్ల లోపే, రెండో భాగం కన్నా తక్కువ. మొదటి సోమవారం పొద్దున ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఏమంటాడు? యాంట్ మ్యాన్ పెరిగాడు, గార్డియన్స్ తగ్గారు అంటాడు. జరిగింది దానికి పూర్తిగా ఉల్టా. 'క్వాంటుమేనియా' రెండో వారాంతానికి 70 శాతం పడిపోయి, ప్రపంచం మొత్తం మీద 48 కోట్ల డాలర్ల లోపు ఆగిపోయింది. గార్డియన్స్ సగం కూడా పడకుండా నిలబడి 84 కోట్లు దాటారు.

ఆ నవంబర్‌లో దీపావళికి 'ది మార్వెల్స్' వచ్చింది. దాని ముందు భాగం 'కెప్టెన్ మార్వెల్' 2019లో 113 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ అంకె చూసి అంచనా వేసినవాళ్లు ఒక సంగతి వదిలేశారు. 'కెప్టెన్ మార్వెల్' వచ్చింది 'ఇన్ఫినిటీ వార్'కీ 'ఎండ్‌గేమ్'కీ మధ్యలో, 'ఎండ్‌గేమ్'కి సరిగ్గా ఏడు వారాల ముందు. సగం జనం బూడిదైపోయిన కథ ఎటు పోతుందో తెలుసుకోవాలంటే ఈవిడెవరో చూడాలని జనం వెళ్లారు. ఆ 113 కోట్లలో చాలా భాగం వాళ్లని బూడిద చేసిన విలన్ థానోస్ ఖాతాలోదే. ఆ సందడి లేకుండా, పైగా టీవీ సిరీస్‌లు చూస్తే తప్ప అర్థం కాని పాత్రలతో నాలుగేళ్ల తర్వాత వస్తే ఏమవుతుంది? మొత్తం 20 కోట్ల డాలర్ల చిల్లర. రెండో వారాంతంలో పడింది 78 శాతం. అప్పటి హాలీవుడ్ నటుల సమ్మె వల్ల ప్రచారం చేసుకోలేకపోయారన్నారు. నిజమే, ఓపెనింగ్‌కి ఆ సాకు చెల్లుతుంది. 78 శాతానికి చెల్లదు.

ఇక 2025లో మార్వెల్ మూడు సినిమాలు వదిలింది. 'కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్', 'థండర్‌బోల్ట్స్', 'ఫెంటాస్టిక్ ఫోర్'. మూడూ కలిపి వచ్చింది దాదాపు 132 కోట్ల డాలర్లు. అంతకు ముందేడు 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' ఒక్కటే 133 కోట్లు దాటింది. వుల్వరిన్ వేషంలో హ్యూ జాక్‌మన్ మొదట కనిపించింది 2000 సంవత్సరంలో. అంటే పాత ముఖాలకి డబ్బు రాలుతోంది, కొత్త ముఖాలకి రాలడం లేదు. డౌనీని వెనక్కి పిలిపించింది ఇందుకే. ఈ అవెంజర్స్ సినిమాకి అసలు అనుకున్న విలన్ కాంగ్. ఆ పాత్ర వేసిన జొనాథన్ మేజర్స్ కోర్టులో దోషిగా తేలాక మార్వెల్ అతన్ని తప్పించింది, కథ మొత్తం మార్చుకుంది. కాంగ్‌ని పెద్ద విలన్‌గా నిలబెట్టాల్సిన సినిమా 'క్వాంటుమేనియా'నే. కేసు లేకపోయినా ఆ 70 శాతం చూశాక కాంగ్ మీద ఇంకో అవెంజర్స్ సినిమా కట్టడం కష్టమయ్యేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మా హాలు సంగతి కొంచెం చెప్పాలి. నేను డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) చూసే ముందు బళ్ల స్టాండ్ చూస్తాను. మొదటి మూడు రోజులు బండికి ముగ్గురు చొప్పున కుర్రాళ్లు దిగుతారు, చివరివాడు దాదాపు వెనక లైటు మీదే కూర్చుని. అది ఓపెనింగ్. సోమవారం మ్యాట్నీకి టీవీఎస్ ఎక్సెల్ మీద మొగుడూ పెళ్లాం, ముందు పెట్టిన పిల్లాడు, మధ్యలో ఇరికించిన పిల్ల కనపడితే సినిమా నిలబడినట్టు. ఇంకో గుర్తు క్యాంటీన్‌లో ఉంటుంది. పాలసీసా కడగడానికి వేడినీళ్లు అడిగే తల్లులు వచ్చారంటే ఆ బొమ్మ ఇంకో రెండు వారాలు తీయక్కర్లేదు. కుర్రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి ఏ సినిమానీ ఆడించలేరు, వాళ్ల దగ్గర అంత డబ్బుండదు.

ఈ ఎక్సెల్ బళ్లు, ఈ వేడినీళ్లు నేను మన సూపర్‌హీరో సినిమాకే చూశాను. 2024 సంక్రాంతికి 'హనుమాన్'. జనవరి 12న వచ్చింది, అదే రోజు మహేశ్‌బాబు 'గుంటూరు కారం'. మర్నాడు వెంకటేశ్ 'సైంధవ్', ఆ మర్నాడు నాగార్జున 'నా సామిరంగ'. వాళ్ల ముందు 'ఇంద్ర'లో చిన్నప్పటి చిరంజీవిగా వేసిన తేజ సజ్జా. పందెం కాసేవాడెవడైనా ఏ వైపు కాస్తాడు? అయినా ఆ సంక్రాంతి చివరికి ఆ కుర్రాడిదే అయింది, ప్రపంచవ్యాప్తంగా 300 కోట్ల రూపాయల గ్రాస్ దరిదాపుల దాకా వెళ్లింది. దానికి ముందు సినిమా లేదు గనక ఓపెనింగ్ అప్పివ్వడానికి ఎవరూ లేరు. వచ్చిందంతా దాని స్వార్జితమే.

ఇక్కడో చిక్కు ఉంది. 'హనుమాన్' రెండో సోమవారం జనవరి 22. అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ జరిగిన రోజు. ఆ రోజు లెక్క చూసి సినిమా సత్తా ఇంత అంటే తప్పు. నేను జనవరి 29 దాకా ఆగాను. ఎక్సెల్ బళ్లు అప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఆ సినిమా వాళ్లు ఇంకో పని చేశారు, దాన్ని మన పరిశ్రమ పెద్దగా పట్టించుకోలేదు. టికెట్‌కి 5 రూపాయలు చొప్పున అయోధ్య గుడికి ఇస్తామన్నారు. ఆ లెక్కన అప్పటిదాకా తెగిన 53,28,211 టికెట్లకి 2,66,41,055 రూపాయలని ప్రకటించారు. గుణించి చూసుకోండి, పైసా తేడా లేదు. తెలుగు పోస్టర్ మీద కోట్లు చూడటమే గాని టికెట్లు చూడటం నాకదే మొదలు. దేవుడి డబ్బు గనక లెక్క చెప్పారని మా మేనేజర్ అంటాడు.

కోట్లు చెప్పడం వేరు, టికెట్లు చెప్పడం వేరు. 100 రూపాయల లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. పెద్ద సినిమాకి మొదటి వారం ప్రత్యేక జీవోతో రేటు పెరుగుతుంది. త్రీడీకి కళ్లద్దాల డబ్బు అదనం. గ్రాస్ అంటే పన్నుతో సహా, నెట్ అంటే పన్ను పోగా, షేర్ అంటే హాలు వాటా కూడా పోగా మిగిలింది. పోస్టర్ మీద ఎప్పుడూ వేసేది వీటిలో పెద్దది. పోయిన భాగం కన్నా ఈ భాగానికి కలెక్షన్ 20 శాతం పెరిగిందంటే, జనం పెరిగి పెరిగిందా, రేటు పెరిగి పెరిగిందా? జనం తగ్గుతూ కలెక్షన్ పెరిగే సిరీస్ పైకి దిట్టంగా కనపడుతుంది. రేటు మామూలుకి దిగిన రోజున గాని దాని బలహీనత బయటపడదు.

'హనుమాన్' తర్వాత కథ అంత ఉత్సాహంగా లేదు. సినిమా చివర్లో, రెండో భాగం 'జై హనుమాన్' 2025లో అని తెర మీద వేశారు. 2024 అక్టోబర్‌లో రిషబ్ శెట్టి హనుమంతుడిగా ఉన్న పోస్టర్ వచ్చింది. 2025 వెళ్లిపోయింది, సినిమా రాలేదు. ఈలోగా దర్శకుడి పేరు మీదే ప్రశాంత్ వర్మ సినిమాటిక్ యూనివర్స్ అని 'అధీర', 'మహాకాళి' ప్రకటనలు వచ్చాయి. తేజ సజ్జా మాత్రం 2025 సెప్టెంబర్‌లో వేరే దర్శకుడితో, వేరే బ్యానర్లో 'మిరాయ్' చేసి హిట్టు కొట్టాడు. నా లెక్కలో 'హనుమాన్' రాసిపెట్టిన ఓపెనింగ్‌ని 'మిరాయ్' తీసుకెళ్లింది. ఆ పరపతి బ్యాంకులో డిపాజిట్ చేసింది కాదు, వడ్డీతో పెరగడానికి. రెండేళ్లలో వాడుకోకపోతే ఎవరో ఒకరు వాడుకుంటారు.

మలయాళం వాళ్లు దీన్ని బాగా పట్టుకున్నారు. 2025 ఆగస్టు చివర్లో ఓణం సీజన్‌కి 'లోక' మొదటి భాగం వచ్చింది. కల్యాణీ ప్రియదర్శన్ కథానాయిక, దుల్కర్ సల్మాన్ నిర్మాత. మనకి 'కొత్త లోక'గా డబ్ అయింది. అదీ 300 కోట్ల స్థాయికి వెళ్లింది. వేడి చల్లారకముందే టొవినో థామస్‌తో రెండో భాగమని చెప్పేశారు. టొవినో పాత్రని మొదటి భాగంలోనే జనానికి పరిచయం చేశారు గనక ఆ ప్రకటన గాల్లో మేడ అనిపించలేదు.

మళ్లీ 'డూమ్స్‌డే' దగ్గరికి వద్దాం. 280 కోట్లు ఎందుకు రావంటే, 'ఎండ్‌గేమ్'కి చైనా ఒక్కటే 60 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. చైనా వాళ్లు 2025లో సొంత బొమ్మ 'నెజా 2'కి పట్టం కట్టారు, అమెరికా సూపర్‌హీరోలని పట్టించుకోవడం మానేశారు. 2022 నుంచి రష్యాలో హాలీవుడ్ విడుదలలే లేవు. మన దగ్గర 'ఎండ్‌గేమ్' 2019 ఏప్రిల్ 26న, పరీక్షలయ్యాక, సెలవుల్లో వచ్చింది. ఇండియా మొత్తం మీద 370 కోట్ల రూపాయలకు పైగా నెట్ చేసింది. డిసెంబర్ 18 అలాంటి తేదీ కాదు. మా వైపు ఇళ్లలో సంక్రాంతికి బట్టలకీ పిండివంటలకీ డబ్బు దాచుకునే రోజులవి. పైగా అదే రోజు అమెరికాలో 'డ్యూన్' మూడో భాగం కూడా ఉంది.

డౌనీ కోసం జనం మొదటి మూడు రోజులు ఎగబడతారు, అందులో సందేహం లేదు. కానీ అతన్ని తేవడం ఇంట్లో బంగారం కుదువపెట్టి పండగ చేసుకోవడం లాంటిది. పండగ ఘనంగానే జరుగుతుంది. తర్వాతి ఏడాది 2027 డిసెంబర్ 17న అవెంజర్స్ ఇంకో భాగం 'సీక్రెట్ వార్స్' ఉంది, ఆ తర్వాత ఏ ముఖం పెట్టి పిలుస్తారు? 'డూమ్స్‌డే' అయిపోయి ఇంటికెళ్లే పిల్లాడు డౌనీ పేరు కాకుండా ఇంకో పాత్ర పేరు చెప్పాలి. చెప్పకపోతే మార్వెల్ బండికి ఇంధనం అయిపోయినట్టే.

ఇది తేలే రోజు కూడా చెబుతాను. డిసెంబర్ 18 శుక్రవారం. రెండో సోమవారం 28, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్యన. అమెరికాలో సెలవులు, ఆ అంకె నమ్మకండి. నేను చూసేది 2027 జనవరి 4, మూడో సోమవారం. సెలవులయిపోయి, బడులు తెరిచి, మన దగ్గర సంక్రాంతి సినిమాలింకా హాళ్లు ఆక్రమించని రోజు. ఆ రోజుకీ సీట్లు నిండుతుంటే 'సీక్రెట్ వార్స్'కి భయం లేదు. లేకపోతే మొదటి వారం ఎన్ని రికార్డులు కొట్టినా ఆ సిరీస్‌కి నేను అడ్వాన్స్ కట్టను.

మన నిర్మాతలకి ఒక్క విన్నపం. 'జై హనుమాన్' వచ్చినా, ఇంకేదొచ్చినా, పోస్టర్ మీద కోట్లతో పాటు తెగిన టికెట్లెన్నో కూడా వేయండి. 53,28,211 అని ఒకసారి చెప్పగలిగినవాళ్లు ప్రతిసారీ చెప్పగలరు.